బొటనవేలి కొసరు

పోయినవారం భాగంలో నన్ను నేనే గుమ్మంలో నిలబెట్టి కథ ఆపాను. నోటి మూలన తడి గోధుమ పరకలు, చంక కింద మరో గుప్పెడు, వేళ్ళ మధ్య సగం అల్లిన జడ. ఎదురుగా వ్యాపారి ఓడెల్, మోకాళ్ళ దాకా బురద. అతని చేతిలో, మొన్న మంగళవారం సంతలో నేను అతనికి అమ్మిన జడచుట్ట. కొన్న సరుకుని వ్యాపారి నాలుగు మైళ్ళు వెనక్కి మోసుకురావడం మా ఊరు నెటిల్ ఎండ్‌లో ఎన్నడైనా జరిగిందని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు డామరిస్ ఫెన్సమ్. యాభై ఎనిమిదేళ్ళు. మొగుడు జేబెజ్ పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు. మా ఊరి ఆడవాళ్ళం గోధుమ గడ్డిని చీల్చి, తడిపి, జడలల్లి అమ్ముతాం. ల్యూటన్ పట్నంలో వాటితో టోపీలు కుడతారు. ఇరవై గజాలైతే ఒక చుట్ట. కొలవడానికి మా ఇళ్ళలో గజంబద్దలుండవు. పొయ్యి మీద గోడకి దిగ్గొట్టిన చెక్కకి ఒక గాటు ఉంటుంది. చెక్క అంచు నుంచి గాటు దాకా గజం. అమ్మమ్మల నాటి నుంచీ అంతే. నాకు నాలుగో ఏట అల్లడం నేర్పినప్పుడే మా అమ్మ ఇంకోటి కూడా నేర్పింది. గజం గజానికీ వేలిని గాటు దగ్గర ఆపకుండా ఒక బొటనవేలి వెడల్పు దాటించమంది. అది కొసరు. కొలత దగ్గర ముడుచుకున్న చెయ్యి చచ్చేదాకా ముడుచుకునే ఉంటుందని ఆవిడ నమ్మకం.

ఆ కొసరే నాకు పేరు తెచ్చింది. అందం ఉన్నవాళ్ళకి అందం, కొడుకులున్నవాళ్ళకి కొడుకులు, నాకు కొసరు. "ఫెన్సమ్ జడ కొలవక్కర్లేదు" అంటారు సంతలో. జేబెజ్ పోయాక వారంలో ఆరు రోజులు నా గొంతు నాకే వినపడదు. మంగళవారం సంతకి వెళితే, అమ్మేవాళ్ళ కోసం కట్టిన తాడు వెంట వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు జరిగి నాకు మొదటి చోటిస్తారు. ఆ చోటు కోసమే వారమంతా అల్లుతాను.

పోయిన నెల ఓడెల్ అందరితో పాటు నాకూ ఆ కొసరు వద్దన్నాడు. చైనా నుంచి ఓడల్లో జడ దిగుతోందట, అన్నీ ఒకే కొలతట, టోపీలవాళ్ళు అలాంటివే కావాలంటున్నారట. ఇకమీదట గజానికి గజం, ఎక్కువా వద్దు తక్కువా వద్దు అన్నాడు. పెట్టే చేతిని పట్టుకుని ఆపినట్టయింది నాకు. కోపంతోనే సరే అన్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గాటు దగ్గరే వేలు ఆపి ఇరవై గజాలు కొలిచి ఇచ్చాను. ఆ చుట్టే ఇప్పుడు అతని చేతిలో ఉంది.

"లోపలికి రానిస్తారా అమ్మా?" అన్నాడు.

రమ్మనలేదు, వద్దనలేదు, పక్కకి జరిగాను. నిజం చెప్పాలంటే ఇంటికొచ్చిన మనిషిని ఏమనాలో చప్పున గుర్తు రాలేదు. ఉన్నవి రెండు కుర్చీలు. అతను తెలియక జేబెజ్ కుర్చీలో కూర్చున్నాడు. ఆరేళ్ళుగా దాని మీద గడ్డికట్టలు కూర్చున్నాయి తప్ప మనిషి కూర్చోలేదు. లేవమందామనుకున్నాను. ఇంతలో కుర్చీ కిర్రుమంది, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు అనిపించింది. ఊరుకున్నాను.

పొయ్యి మీద గుడ్డలో కట్టిన క్లాంగర్ ఉడుకుతోంది. ఒక కొసన పందిమాంసం, ఒక కొసన జామ్ పెట్టి చుట్టే పిండిముద్ద అది, మగవాళ్ళు పొలానికి పట్టుకుపోవడానికి చేసేది. ఒక్కదానికి సరిపడా చుట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఇద్దరికి చేసి రెండు రోజులు తింటాను. అతనికి ఓ ముక్క పెడదామన్న ఆలోచనే రాలేదు. చూశారా, ఒంటరి బతుకు ముందు మర్యాదని తినేస్తుంది.

ఓడెల్ చుట్టని బల్ల మీద పెట్టి, కళ్ళు తన టోపీ మీద పెట్టి, సంగతి చెప్పాడు. చుట్ట తక్కువొచ్చింది. కొలిచింది అతనే, రెండుసార్లు కొలిచాడు. తన పనివాళ్ళకి చెప్పలేదు. ఎవరికీ తెలియకముందే నన్నడుగుదామని వచ్చాడు.

"ఎవరి చుట్టో కలిసిపోయి ఉంటుంది" అన్నాను.

"మీదేనమ్మా. మీరు కట్టే ముడి ఇంకెవరూ కట్టరు."

"అయితే నీ బద్ద అరిగిపోయి ఉంటుంది. లేకపోతే నీ కళ్ళు. నలభై దాటాయి కదా, పట్నంలో అద్దాలమ్ముతారు, కొనుక్కో."

అతను కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుని ఉంటే నాకు బావుండేది. కోటు లోపల్నుంచి గజంబద్ద తీశాడు. రెండు కొసలకీ ఇత్తడి తొడుగు, ఏటేటా కచేరీలో సరిచూసి వేసే ముద్ర. బల్ల మీద పెట్టి నా ఎదురుగానే కొలిచాడు. నేను పక్కనే నిలబడి లెక్కపెట్టాను, ఎక్కడైనా జడని సాగదీయకుండా వదులుతాడేమోనని చూశాను. వదల్లేదు. పంతొమ్మిది గజాల పదహారంగుళాలు. ఇరవై గజాలకి ఇరవై అంగుళాలు తక్కువ. గజానికి సరిగ్గా ఒకటి.

"ఎక్కడ కొలుస్తారు మీరు?" అని అడిగాడు.

పొయ్యి మీది చెక్క చూపించాను. దానిమీద కొవ్వొత్తి దిమ్మె, టీ డబ్బా, జేబెజ్ పొగాకు గొట్టం. వాటిని పక్కకి జరిపి బద్దని చెక్క అంచుకి ఆనించి పెట్టాడు. ఇటు కొస అంచుకి అతుక్కుంది. అటు కొస నా గాటుని దాటి, అంగుళం అవతల ఆగింది.

క్లాంగర్ నీళ్ళు పొంగి పొయ్యిలో పడ్డాయి.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందటి చలికాలం, పొగగొట్టంలో మసికి నిప్పంటుకుని మంట కిందికి దిగింది. ఆ మంటకి ఈ చెక్క ఎడమ కొస మాడింది. జేబెజ్ రంపం తెచ్చి, మాడినంత మేర కోసేసి, గరుకు తీసి నున్నగా చేశాడు. ఎంత కోశాడో ఎవరు చూశారు? నల్లటి ముక్క పోయింది, శుభ్రమైన చెక్క మిగిలింది, సంతోషించాను. అంచు జరిగితే గజం జరుగుతుందని నాకు తట్టలేదు. నలభై ఏళ్ళుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ అంచు మీద వేలు పెట్టే మనిషిని, నాకే తట్టలేదు.

కొలత అంగుళం తగ్గింది. నా కొసరు అంగుళం. కొసరు పోయి కొలతలో కూర్చుంది. ఇన్నేళ్ళూ నేను ఇచ్చింది సరిగ్గా గజమే, ఒక్క దారప్పోగు కూడా ఎక్కువ కాదు. ఇదంతా లెక్కేసుకోవడానికి నాకు పెద్దగా సేపు పట్టలేదు. ఆ తర్వాతి ఆలోచనని మాత్రం రానివ్వకుండా తలుపుకి వీపు ఆనించి నిలబడ్డట్టు నిలబడ్డాను. ఆ తలుపు తీసింది ఓడెలే.

"థిర్జా" అన్నాడు మెల్లగా.

థిర్జా నా ఆడపడుచు. జేబెజ్ చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే, ఇదే పొయ్యి దగ్గర, నాకెదురుగా కూర్చుని అల్లేది. కొలత ఇదే చెక్క మీద. కాకపోతే కొసరు వేసేది కాదు. "గజమంటే గజమే వదినా, ఎక్కువిచ్చి మెహర్బానీ ఎందుకు?" అనేది. చెక్క కోసిన తర్వాతి వసంతంలో, సంతలో ఆమె చుట్ట కొలిచారు. ఇరవై అంగుళాలు తక్కువ.

మా సంతలో తక్కువొచ్చిన జడని గేటుకి వేలాడదీస్తారు, సాయంత్రం దాకా. వచ్చేపోయే వాళ్ళందరూ చూస్తారు. ఆ రోజు థిర్జా జడ వేలాడదీసేముందు ఆడవాళ్ళందరూ నా వంక తిరిగారు. ఒకే ఇల్లు, ఒకే చెక్క. ఆమెది తక్కువైతే నాదో? నేను నా చుట్టని కొలతల మనిషి ముందు పడేసి, కొలవమన్నాను. సరిగ్గా వచ్చింది. అప్పుడు నేనన్న మాట మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఇంటి గజం నిజాయితీదే, చెయ్యే దొంగది" అన్నాను. థిర్జా నన్ను చూసింది, అంతే. వారం తిరక్కుండా మూట కట్టుకుని వెళ్ళిపోయింది. ల్యూటన్‌లో టోపీలు కుడుతోందని ఎవరో అన్నారు. నేను అడగలేదు.

"ఆ రోజు కొలిచింది నేనే" అన్నాడు ఓడెల్. అప్పటికి వాళ్ళ నాన్న దగ్గర పని నేర్చుకుంటున్నాడు. టోపీని వేళ్ళ మీద గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు. "అమ్మా, ఒకటి చెప్పనా? మీరు బాధపడతారు."

చెప్పమన్నాను. ఇంకా బాధపడేందుకు ఏం మిగిలిందో చూద్దామనుకున్నాను.

"ఆ చలికాలానికి ముందు మీ చుట్ట ఎప్పుడూ అరగజం పైన ఎక్కువొచ్చేది. మా నాన్న మీ జడని చూపించి, మనిషంటే ఇలా ఉండాలనేవాడు. ఆ తర్వాత సరిగ్గా ఇరవై రావడం మొదలైంది. అందరిలాగే మీరూ మారారనుకున్నాం. మీరేమో సంతలో నిలబడి కొసరు గురించి చెప్తూనే ఉండేవారు. మేం వినేవాళ్ళం. పెద్దావిడ, ఏమంటాం?"

పదకొండేళ్ళు. మంగళవారం మంగళవారం నేను తాడు దగ్గర మొదటి చోట్లో నిలబడి, పడుచుపిల్లలకి బొటనవేలు చూపించి నీతి చెప్పాను. వ్యాపారులు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఉంటారు. వాళ్ళు నవ్వి ఉంటే నాకు ఇంత అవమానంగా ఉండేది కాదు. నా మీద జాలిపడ్డారు.

ఇప్పుడు నేను చెప్పేది ఓడెల్ వచ్చిన ఆ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు, ప్రార్థనలో దేవుడికి కూడా. థిర్జా చుట్ట తక్కువొచ్చిన రోజున, ఇదే ఓడెల్ నా చుట్ట కొలిచి "సరిగ్గా ఇరవై" అని అరిచాడు. ఆ మాట నా చెవిలో పడింది. సరిగ్గా ఇరవై ఎందుకు రావాలి? నా కొసరు ఏమైంది? రెప్పపాటు కాలం ఆ ప్రశ్న నా లోపల లేచింది. లేచిందన్న సంగతి నాకు బాగా గుర్తుంది. కానీ అప్పటికే అందరి మొహాలూ నా వైపు మెచ్చుకోలుగా తిరిగాయి, థిర్జా మొహం పాలిపోయింది, నేను గెలిచాను. గెలిచిన మనిషి తన చుట్ట మళ్ళీ కొలవమని అడుగుతుందా? ఆ ప్రశ్నని నొక్కేశాను. మళ్ళీ లేవలేదు. నేను అమాయకంగా పొరపాటుపడ్డానని మీరు అనుకోకండి.

ఓడెల్ చెక్క దగ్గరికి తిరిగి వెళ్ళాడు. బద్ద కొస ఆగిన చోట, గాటుకి అంగుళం అవతల, వేలితో తడిమాడు. గోరు పెట్టి గీకాడు. పొగచూరి నల్లబడ్డ చెక్కలోంచి నల్లటి పొడి రాలింది. పొడి కాదు, మైనం. మసి కలిపిన తేనెమైనం. గోరు కొస దిగినంత మేర కింద ఒక గాటు కనబడింది.

"ఇక్కడ సరైన గజం కోసే ఉందమ్మా" అన్నాడు. "కోసి, మళ్ళీ పూడ్చారు."

అతన్ని పక్కకి తోసి చూశాను. జేబెజ్ కత్తి అంచు ఒకచోట చిన్నగా విరిగి ఉండేది. అతను ఏది కోసినా కోతలో సన్నటి గీత లేచేది. మా గరిటె కాడ మీద ఉంది ఆ గీత, పెరటి తలుపు గడియ మీద ఉంది. మైనం కింద ఆ గాటులోనూ ఉంది.

ఎప్పుడు కోశాడో కూడా నాకు తెలిసిపోయింది. ఆ సంత జరిగిన వారం, ఆదివారం నాడు జేబెజ్ ప్రార్థనకి రాలేదు. నడుం నొప్పన్నాడు. నేను తిరిగొచ్చేసరికి ఇల్లంతా వేడి మైనం వాసన. అతనూ థిర్జా పొయ్యికి చెరో పక్కా కూర్చుని ఉన్నారు, ఇద్దరూ మాట్లాడటం లేదు. ఏంటీ వాసనని అడిగితే, తేనెపట్టు బుట్ట కారుతుంటే పూశానన్నాడు. మర్నాడు థిర్జా వెళ్ళిపోయింది.

తర్వాత అయిదేళ్ళు బతికాడు జేబెజ్. అయిదేళ్ళూ నాతో అక్కర్లేని మాట ఒక్కటి మాట్లాడలేదు. ఉప్పందుకో అనేవాడు, తలుపెయ్యి అనేవాడు. చెల్లెల్ని పంపేశానని కక్ష అనుకున్నాను, నేనూ బిగుసుకుపోయాను. ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం అలా కూర్చున్నాం, నేను అల్లుతూ, అతను పొగ తాగుతూ. అతని నెత్తి మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఆ మైనం ఉంది. సరైన గాటు కోసి, నాకు చూపించే ధైర్యం చాలక పూడ్చేశాడనుకున్నాను. నా మొగుడు నాకు భయపడి బతికాడు. ఈ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది నాకు.

ఓడెల్ మంచివాడు. గొంతు సవరించుకుని, ఇందులో పెద్ద చిక్కేమీ లేదన్నాడు. మైనం తీసేసి పాత గాటు పూడిస్తే సరి. ఈ చుట్ట పొయ్యిలో వేస్తే సరి. తెలిసింది ఇద్దరికి, ఇద్దరూ నోరు మూసుకుంటే మంగళవారం ఎప్పట్లాగే వస్తుందన్నాడు.

"ఎవరికి లాభం అమ్మా ఇప్పుడు?" అన్నాడు. "మా నాన్న లేడు. మీ ఆయన లేడు. జడ వ్యాపారమే ఇంకో పదేళ్ళు ఉంటుందో ఉండదో. పడుచుపిల్లలందరూ టోపీల కార్ఖానాలకి పోతున్నారు. మీ పేరు మీకు ఉండనీయండి."

ఒప్పుకుందామనిపించింది. అబద్ధం ఎందుకు, చాలా గట్టిగా అనిపించింది. నాకు ఇంట్లో ఎవరూ లేరు, ఊళ్ళో ఎవరూ రారు. ఒకప్పుడు మా సందులో పన్నెండుమంది నడుస్తూ అల్లేవాళ్ళం, ఇప్పుడు ఇద్దరం. ఆ ఒక్క పేరు తీసేస్తే మంగళవారం కూడా నాకు మిగిలిన ఆరు రోజుల్లా అయిపోతుంది. యాభై ఎనిమిదేళ్ళకి కొత్త పేరు ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?

మాట దాటేయడానికే అడిగాను, అంతకు మించి ఉద్దేశం లేదు.

"ల్యూటన్‌లో ఎక్కడుంటోందో తెలుసా, థిర్జా?"

ఓడెల్ టోపీ తిప్పడం ఆపాడు. "ల్యూటన్ వెళ్ళలేదమ్మా ఆవిడ. కొండ అవతలే, కోల్డ్ బాటమ్‌లో, సున్నపురాయి గుంట పక్కన ఉంటుంది. పదకొండేళ్ళూ అక్కడే. సంతకి రాదు. నా బండి అటు వెళ్ళినప్పుడు గుమ్మంలోనే కొంటాను. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది."

కోల్డ్ బాటమ్ మా ఇంటికి రెండు మైళ్ళు. మా పెరట్లో నిలబడితే ఆ కొండ కనిపిస్తుంది.

"ఎవరున్నారు తోడు?"

"ఎవరూ లేరు."

"ఆమె చుట్ట ఎలా వస్తుంది?"

చెప్పడానికి అతనికి ఇష్టం లేదు. నేను చూస్తూనే ఉన్నాను. చివరికి అన్నాడు, "ప్రతి గజానికీ అంగుళం ఎక్కువ. వద్దన్నా వినదు."

నేను లేచి కట్టెలపొయ్యి ఊచ తీసుకున్నాను. చెక్కకీ గోడకీ మధ్య దూర్చి తిప్పాను. మేకులు పాతవి, రెండు తిప్పులకి ఊడొచ్చాయి. గోడ సున్నం పెళ్ళలుగా రాలి క్లాంగర్ గిన్నెలో పడింది. ఓడెల్ సాయం వస్తానంటే వద్దన్నాను. చెక్కని నా శాలువాలో చుట్టి, కొనలు రెండూ ముడేసి, చంకలో పెట్టుకుని బయల్దేరాను. అతన్ని తలుపు వేసి వెళ్ళమన్నాను. తింటానంటే క్లాంగర్‌లో సున్నం పడని కొస తినమని కూడా చెప్పాను. అంతకన్నా మర్యాద ఆ పూట నా దగ్గర లేదు.

సందు మలుపులో మహలా పెపియట్ ఎదురైంది. మిగిలిన ఆ రెండో మనిషి ఆవిడే. నడుస్తూ అల్లుతోంది. మొగుణ్ణి పాతిపెట్టిన రోజున కూడా మహలా వేళ్ళు ఆగలేదని మా ఊళ్ళో చెప్పుకుంటారు.

"ఏంటక్కా, ఇల్లు ముక్కముక్కగా అమ్మేస్తున్నావా?" అంది.

ఆగాను. మహలా చెవిలో పడిన మాట సంతలో గంట కొట్టి చెప్పినట్టే. అది తెలిసే చెప్పాను. చెక్క సంగతి, మంట సంగతి, అంగుళం సంగతి. థిర్జా దొంగ కాదని, ఆమె గజం గజంలాగే కొలిచిందని చెప్పాను. నా కొసరు పదకొండేళ్ళుగా లేదని చెప్పాను. ఆ రోజు "సరిగ్గా ఇరవై" అన్నప్పుడు నాకు అనుమానం వచ్చిందని, వచ్చినా నోరు మూసుకున్నానని కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

మహలా వేళ్ళు ఆగిపోయాయి. పరకలు చేతిలోంచి జారి బురదలో పడ్డాయి, వంగి తీసుకోలేదు.

"ఇది నాకెందుకు చెప్పావక్కా?" అంది. "నా సంగతి నీకు తెలుసుగా. నేను చెప్పకుండా ఉండలేను."

"తెలిసే చెప్పాను."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. ఏదో వెటకారం వస్తుందనుకున్నాను. రాలేదు. "ఆ రోజు ఆ గేటు దగ్గర, నేను కూడా ఒక మాటన్నాను దాన్ని" అని గొణిగి, వెనక్కి తిరిగి ఊళ్ళోకి నడిచింది. ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాను. నా పేరు అలా నడిచి వెళ్ళిపోయింది.

కొండెక్కేటప్పుడు గాలి ఎదురు కొట్టింది. చెక్క బరువు పెద్దగా లేదు గానీ పొడుగుకి అడ్డం తిరుగుతూ నన్ను పక్కకి లాగింది. రెండుసార్లు కూర్చున్నాను. పైనుంచి చూస్తే మా ఇల్లు కనబడింది, పొగ సన్నగా వస్తోంది. ఇటు దిగువన సున్నపురాయి గుంట, దాని పక్కన ఒకే ఒక్క కప్పు, దానిమీదా అంతే సన్నటి పొగ. పదకొండేళ్ళు ఇద్దరం అలా చెరో పక్కా పొయ్యి వెలిగించుకున్నాం. దిగుతూ చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకున్నాను. తప్పు నాది. క్షమించమని అడగను. మంగళవారం సంతలో అందరి ముందూ నిలబడతాను, నువ్వు వస్తే చాలు. ఇలా ఏవో. నోట్లో పరక లేకుండా మాట్లాడటం నాకు అలవాటు తప్పింది, నాలుక ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

తలుపు తెరిచే ఉంది. థిర్జా గుమ్మంలో కూర్చుని అల్లుతోంది. జుట్టంతా తెల్లబడిపోయింది. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది, నాకన్నా ముసలిదైపోయింది. నన్ను చూసి లేవలేదు, ఆశ్చర్యపోలేదు. ఆ పరక చివరిదాకా అల్లి, ముడేసి, పక్కన పెట్టింది.

"కూర్చో వదినా. ఆయాసపడుతున్నావు" అంది.

వదినా అంది. వరస పెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కూర్చోలేదు. చంకలోంచి మూట తీసి రెండు చేతులతో ముందుకి చాచాను. ముడులు విప్పలేదు. అది ఏమిటో చెప్పలేదు.

థిర్జా మూట అందుకుంది. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, శాలువా మీదనుంచే పొడుగునా ఒకసారి చెయ్యి రాసింది. తర్వాత తలెత్తి నా కళ్ళలోకి చూసింది.

"మైనం ఊడిందా వదినా?" అంది. "నీ పేరు పోకూడదని, ఎన్నటికీ ఊడకుండా, నా చేత్తో గట్టిగానే అదిమానే."